ముందు ఊపిరి... తర్వాతే ఊపు!

హోండా సిటీ వీటెక్, బలేనో, ఎస్టీమ్, లాన్సర్... కుర్రకారు వెతికి మరీ కొంటున్న పాత జపాన్ కార్లివి. కొన్నాక మొదట పుట్టే కోరిక ఒక్కటే- ‘ఇంజన్ పవర్ పెంచాలి’. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ ఏది ముందు, ఏది తర్వాత, ఎంతవరకు అన్న లెక్క లేకుండా దిగితే డబ్బుతోపాటు మంచి ఇంజనూ పోతుంది. మొదటిసారి ఈ పనికి పూనుకునేవాళ్ల కోసమే ఈ కథనం.

హోండా సిటీ వీటెక్ 2000లో మన రోడ్లమీదికి వచ్చింది. ఒకటిన్నర లీటర్ల ఇంజన్, 106 బీహెచ్‌పీ శక్తి. 2003 చివర్లో దాని స్థానంలోకి వచ్చిన కొత్త సిటీదీ ఒకటిన్నర లీటర్ల ఇంజనే. కానీ శక్తి 77 మాత్రమే. మైలేజీ కోరుకున్న కుటుంబాలకు కొత్తది బాగా నచ్చింది. ఇంజన్‌ని ఆరువేల ఆర్‌పీఎం దాటించి ఆ హోరు వింటూ నడపడంలోని ఆనందం ఎరిగినవాళ్లు మాత్రం పాతదాన్ని వదల్లేదు. కొందరు నాన్న నడిపిన కారునే దాచుకున్నారు. మరికొందరు ఊరూరా తిరిగి, తుప్పు లేని బండి కోసం నెలల తరబడి ఎదురుచూసి కొన్నారు.

ఆ ఇంజన్ వెనక పెద్ద చరిత్రే ఉంది. 1989లో జపాన్‌లో వచ్చిన హోండా ఇంటెగ్రాలో 1.6 లీటర్ల ఇంజన్ 160 హార్స్‌పవర్ ఇచ్చింది. టర్బో లేకుండానే లీటరుకు వంద! మామూలుగా వెళ్లేటప్పుడు వాల్వులు ఒక రకంగా, వేగం పెరిగాక మరో రకంగా తెరుచుకునేలా చేసిన వీటెక్ అనే ఏర్పాటు దాని రహస్యం. ఆ ఆలోచనే తర్వాత ఒకే క్యామ్‌షాఫ్ట్ ఉన్న చిన్న ఇంజన్లకూ పాకి, మన సిటీ దాకా వచ్చింది. అంటే ఈ ఇంజన్ మీద చెయ్యి వేసేటప్పుడు మనం ఆరితేరిన ఇంజినీర్ల పనిని దిద్దడానికి కూర్చుంటున్నాం. వాళ్లు ఎక్కడ ఎంత మిగులు ఉంచారో, ఎక్కడ ఉంచలేదో తెలుసుకున్న తర్వాతే దిద్దాలి.

ఎందుకోసం? ఒక్క వాక్యంలో రాయండి

కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవాళ్లు ముందుగా వెతికేది విడిభాగాల కోసం. ఫలానా ఎయిర్ ఫిల్టర్, ఫలానా హెడర్, ఫలానా క్యామ్. ఒక్కొక్కటీ విడిగా చూస్తే మంచిదే. అన్నీ కలిపి బిగించాక మాత్రం ఒకదానితో ఒకటి పొసగదు. ఎందుకంటే, వాటిని ఏ పని కోసం కొన్నామో ముందే అనుకోలేదు.

అందుకే మొదటి పని కాగితం మీదే. ఉదాహరణకు ఇలా రాసుకోవచ్చు- ‘రోజూ ఆఫీసుకు వెళ్లే కారే, ఏసీ బాగా పనిచేయాలి, నెలకోసారి శ్రీశైలం ఘాట్ ఎక్కాలి, ఇంకో అయిదేళ్లు నా దగ్గరే ఉండాలి’. ఈ ఒక్క వాక్యం కొనాలనుకున్న సామాన్ల జాబితాలో సగం కొట్టేస్తుంది. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ వద్దు, బరువు తగ్గించడం కోసం ఏసీ తీసేయడం వద్దు, చెవులు చిల్లులుపడే సైలెన్సర్ అసలే వద్దు. మరొకరి వాక్యం ‘ఏడాదికి నాలుగుసార్లు ట్రాక్ మీదికి తీసుకెళ్తాను, రోజువారీ తిరగడానికి వేరే బండి ఉంది’ అయితే జాబితా పూర్తిగా మారిపోతుంది.

ఇక్కడ ఓ చిన్న లెక్క ఉపయోగపడుతుంది. ఇంజన్ తిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఆ టార్క్‌ని ఆర్‌పీఎంతో హెచ్చిస్తే వచ్చేదే హార్స్‌పవర్. కాబట్టి హార్స్‌పవర్ పెంచడానికి రెండు మార్గాలు. ఉన్న ఆర్‌పీఎంలోనే ఎక్కువ బలం రాబట్టడం మొదటిది. ఉన్న బలాన్నే ఇంకా పై ఆర్‌పీఎం దాకా లాగడం రెండోది. టర్బో లేని చిన్న ఇంజన్లలో చాలావరకు రెండోదే జరుగుతుంది. పైన పది గుర్రాలు కలిసొస్తాయి, కింద రెండువేల ఆర్‌పీఎం దగ్గర ఉన్న బలం కాస్తా తగ్గుతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో మనం ఉండేది ఆ రెండువేల దగ్గరే. ‘పవర్ పెంచాను, కానీ బండి బరువుగా కదులుతోంది’ అనేవాళ్ల అసలు సమస్య ఇదే.

ఇంజన్ నాడి పట్టుకోండి

పాత ఇంటి మీద కొత్త అంతస్తు వేయాలంటే తాపీమేస్త్రీ ముందు పునాది చూస్తాడు. ఇంజన్ విషయంలో ఆ పునాది పరీక్షే కంప్రెషన్ టెస్ట్. ఖర్చు తక్కువ, సమయం గంట. దీన్ని దాటేసి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు.

షెడ్డులో ఇది ఎలా సాగుతుందో దగ్గరగా చూద్దాం.

“అన్నా, పికప్ రావట్లేదు. టర్బో వేయిద్దామా?”

“ముందు ప్లగ్గులు ఇప్పనీ తమ్ముడూ. తర్వాత మాట్లాడుకుందాం.”

ఇంజన్‌ని బాగా వేడెక్కనిచ్చి ఆపుతారు. పెట్రోల్ రాకుండా, స్పార్క్ పడకుండా కనెక్షన్లు తీస్తారు. నాలుగు ప్లగ్గులూ ఇప్పి వరుసలో పెడతారు. ప్లగ్ మొన లేత గోధుమరంగులో ఉంటే మంట బాగున్నట్టు. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతున్నట్టు. తడిగా, జిడ్డుగా ఉంటే ఆ సిలిండర్ ఆయిల్ తాగుతున్నట్టు. ప్లగ్ ఉన్న చోట గేజ్ బిగించి, ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొడతారు. ముల్లు ఒక్కో కుదుపుకూ మెట్టు మెట్టుగా ఎక్కి ఒక చోట ఆగుతుంది. ఆ అంకె రాసుకుని తర్వాతి సిలిండర్‌కు వెళ్తారు.

అంకెలు 180, 178, 182, 140 అని వచ్చాయనుకుందాం. మొదటి మూడూ ఒక తీరుగా ఉన్నాయి, నాలుగోది పడిపోయింది. అప్పుడు ఆ నాలుగో సిలిండర్‌లో ఒక టీ స్పూను ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. అంకె గబుక్కున పెరిగితే పిస్టన్ రింగులో, బోరో అరిగినట్టు. ఎందుకంటే ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. పెరగకపోతే లోపం పైన ఉంది. వాల్వు సరిగా కూర్చోవడం లేదు, లేదంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోతే గ్యాస్కెట్ మీదే అనుమానం.

సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్లొచ్చు. తేడా ఎక్కువ ఉన్నా బాధపడాల్సిన పనిలేదు. మీ ప్లాన్ మారుతుందంతే. అప్‌గ్రేడ్ కోసం దాచిన డబ్బు ముందు హెడ్ పనికో, బోరు పనికో వెళ్తుంది. ఎలాగూ ఇంజన్ దింపుతున్నారు కాబట్టి లోపల వేయాల్సిన మంచి భాగాలు అప్పుడే వేసేయొచ్చు. ఈ పరీక్ష చేయకుండా టర్బో వేసినవాళ్లు కొన్ని నెలల్లోనే ఇంజన్‌ని దింపాల్సి రావొచ్చు.

పోయిన బలం తిరిగి తెచ్చుకోండి

పాతికేళ్లు తిరిగిన కారులో కాగితం మీద ఉన్న 106 గుర్రాలు ఉండవు. అరిగిన ప్లగ్గులు, పట్టు తప్పిన ట్యాపెట్లు, సగం మూసుకుపోయిన ఫిల్టర్, మందగించిన ఆక్సిజన్ సెన్సర్... ఒక్కొక్కటీ కాస్త కాస్త తినేస్తాయి. వాటిని తిరిగి తెచ్చుకోవడమే అన్నిటికన్నా చవకైన అప్‌గ్రేడ్. పైగా చట్టం అడ్డు చెప్పనిది.

ముందు టైమింగ్ బెల్ట్. ఈ హోండా ఇంజన్లలో బెల్ట్ తెగితే తెరిచి ఉన్న వాల్వులను పిస్టన్లు వచ్చి కొడతాయి. వాల్వులు వంగుతాయి, హెడ్ విప్పాల్సిందే. అమ్మినతను ‘మొన్ననే మార్పించా’ అన్నా బిల్లు కనిపించకపోతే మార్చలేదనే లెక్క. అదే బెల్ట్ వాటర్ పంపును కూడా తిప్పుతుంది. కాబట్టి బెల్ట్ తీసినప్పుడే పంపు, టెన్షనర్, క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు అన్నీ ఒకేసారి మార్చాలి. కూలీ ఒక్కసారే పడుతుంది.

తర్వాత ట్యాపెట్ సెట్టింగ్. ఈ ఇంజన్లలో వాల్వుల సందు దానంతటదే సరిచేసుకోదు. ఫీలర్ గేజ్ పెట్టి, స్క్రూ తిప్పి, మిల్లీమీటరులో పాతికో వంతు తేడా కూడా లేకుండా సరిచేయాలి. అదీ ఇంజన్ పూర్తిగా చల్లారాకే. సందు తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. ఎక్కువైతే టకటకమని చప్పుడు, కాస్త బలం తగ్గుదల. ఎగ్జాస్ట్ వాల్వులకు సందు కొంచెం ఎక్కువ ఉంచుతారు. అవి ఎక్కువ వేడికి సాగుతాయి కాబట్టి.

ఇక వీటెక్. దాన్ని పనిచేయించేది కరెంటు ఒక్కటే కాదు, ఇంజన్ ఆయిల్ ప్రెషర్. ఆర్‌పీఎం ఓ స్థాయికి చేరగానే కంప్యూటర్ ఒక సోలెనాయిడ్ తెరుస్తుంది. ఆయిల్ లోపలికి వెళ్లి రాకర్ ఆర్మ్‌లలో ఉన్న చిన్న పిన్నును నెట్టి వాటిని జతకలుపుతుంది. ఆ సోలెనాయిడ్ గ్యాస్కెట్‌లో వేలి గోరంత సన్నటి జాలీ ఉంటుంది. సమయానికి ఆయిల్ మార్చని కారులో ఆ జాలీ నల్లటి మడ్డితో మూసుకుపోతుంది. దాంతో వీటెక్ అందుకోదు. కారు కొన్న యజమాని, ‘ఇది ఇంతే కాబోలు’ అనుకుంటాడు. ఆ జాలీ శుభ్రంచేసి, గ్యాస్కెట్ మార్చి, సరైన ఆయిల్ సరైన మట్టానికి పోస్తే కొన్ని కార్లలో పోయిన పరుగు ఆ సాయంత్రానికే తిరిగొస్తుంది. వేల రూపాయల సామాను ఇవ్వని తేడా అది.

వీటితోపాటు ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ఫ్యూయల్ ఫిల్టర్, కూలెంట్, రేడియేటర్, థర్మోస్టాట్, ఇంజన్ మౌంట్లు కూడా చూడాలి. రేడియేటర్‌లో నీళ్లు పోసి సరిపెట్టే అలవాటు చాలా పాత ఇంజన్లను లోపలినుంచి తుప్పు పట్టించింది. సరైన కూలెంటే పోయాలి. ఈ పనులన్నీ అయ్యాక కనీసం మూడు నాలుగు నెలలు కారు నడపండి. ఆయిల్ ఎంత తగ్గుతోందో, మైలేజీ ఎంతో, వేడి ముల్లు ఎక్కడుంటోందో నోట్‌బుక్‌లో రాయండి. ఇక మీదట చేసే ప్రతి మార్పునూ పోల్చి చూసుకోవడానికి అదే కొలబద్ద.

ఆగే దారి ముందు, పరిగెత్తే దారి తర్వాత

హైదరాబాద్-విజయవాడ హైవే మీద నూటపదిలో వెళ్తున్న కారు ముందుకు గేదె వచ్చిందనుకోండి. అప్పుడు కాపాడేది బ్రేకులు, టైర్లే. పవర్ పెంచే డబ్బులోంచి మొదటి వాటా వీటికే వెళ్లాలి.

టైరు పక్కగోడ మీద చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. గాళ్లు ఎంత లోతుగా కనిపించినా ఏళ్లు పైబడిన రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. ఎప్పుడో ఆదివారాలు మాత్రమే తీసే కార్లలో ఇది మరీ ఎక్కువ. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఫ్లూయిడ్ ఘాట్ దిగేటప్పుడు మరిగి, పెడల్ మెత్తగా నేలను తాకుతుంది. రెండేళ్లకోసారి మార్చడం తప్పనిసరి. సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేయిస్తే కారు మలుపుల్లో పదేళ్లు చిన్నదైపోతుంది. మలుపులో పోగొట్టుకోని వేగాన్ని ఇంజన్ మళ్లీ సంపాదించాల్సిన పని ఉండదు.

గాలి, పెట్రోల్, నిప్పు

ఇప్పుడు అసలు అప్‌గ్రేడ్‌లు. ఇంజన్ చేసేది గాలి పీల్చి, దానికి తగినంత పెట్రోల్ కలిపి, సరైన క్షణంలో నిప్పు పెట్టి, పొగను బయటికి నెట్టడం. ఈ నాలుగింటిలో ఒకదాన్ని పెంచితే మిగతా మూడూ దానికి తగ్గట్టు మారాలి.

చాలామంది మొదలుపెట్టేది ఎయిర్ ఫిల్టర్‌తో. డబ్బా తీసేసి బయటికి కనిపించే కోన్ ఫిల్టర్ బిగిస్తారు. శబ్దం బాగుంటుంది. కానీ ఆ ఫిల్టర్ ఇప్పుడు బానెట్ కింది వేడిగాలి పీలుస్తోంది. గాలి ఉష్ణోగ్రత దాదాపు మూడు డిగ్రీలు పెరిగితే అందులోని ఆక్సిజన్ ఒక శాతం తగ్గుతుంది. అంటే పదిహేను డిగ్రీల జనవరి తెల్లవారుజామున ఉన్న బలం, నలభై అయిదు డిగ్రీల మే నెల మధ్యాహ్నం విజయవాడలో పదో వంతు తగ్గిపోతుంది. ఆ పైన బానెట్ కింది వేడి అదనం. మన వాతావరణంలో చల్లటి గాలిని బంపర్ వెనకనుంచి తెచ్చే గొట్టమే ముఖ్యం, ఫిల్టర్ ఆకారం కాదు. కంపెనీవాళ్లు ఇచ్చిన డబ్బా చాలా సందర్భాల్లో ఆ పని బాగానే చేస్తుంది. గొట్టం మరీ కిందికి దించితే వానాకాలంలో నీళ్లు పీల్చే ప్రమాదమూ ఉంది. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

తర్వాత హెడర్, ఎగ్జాస్ట్. నాలుగు సిలిండర్ల పొగ ఒకదానికొకటి అడ్డుపడకుండా పోయేలా పైపుల పొడవు కుదిరిన హెడర్ నిజంగానే మేలుచేస్తుంది. పెద్ద పైపు వేస్తే ఎక్కువ పవర్ అన్నది మాత్రం అపోహ. చిన్న ఇంజన్‌కు మరీ లావు పైపు వేస్తే పొగ వేగం తగ్గి, కింది ఆర్‌పీఎంలో బలం పోతుంది. పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసేయడం చట్టవిరుద్ధం. మన పిల్లలు పీల్చే గాలికీ అన్యాయం.

ఫిల్టర్, హెడర్, ఎగ్జాస్ట్, ఆ తర్వాత మంచి ట్యూనింగ్... అన్నీ కుదిరితే టర్బో లేని ఒకటిన్నర లీటర్ల ఇంజన్ మీద పది శాతం లాభం వచ్చిందంటే గొప్పే. ‘ఇరవై గుర్రాలు గ్యారంటీ’ అని ఎవరైనా అంటే డైనో (కారు శక్తిని కొలిచే యంత్రం) మీద, అదే కారు, అదే రోజు, ముందూ తర్వాతా తీసిన గ్రాఫ్ చూపించమనండి.

పెట్రోల్ మారింది, లెక్కా మారాలి

పాతికేళ్ల కిందట ఈ కార్లు తయారైనప్పుడు బంకుల్లో దొరికిన పెట్రోల్ వేరు, ఇప్పుడు దొరికేది వేరు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 ఇప్పుడు దేశమంతటా వచ్చేసింది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, నాకింగ్‌ను (ఇంధనం అదుపు తప్పి మండడాన్ని) తట్టుకుంటుంది. అది మంచి విషయమే. కానీ అందులో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పైగా మామూలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి సరిపోతే, ఈ20కి సుమారు 13.5 పాళ్లే కావాలి. అంటే అదే గాలికి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం పొయ్యాలి.

నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను పసిగట్టి సరిచేస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు పాత కార్ల కంప్యూటర్ ప్రధానంగా తన జ్ఞాపకంలోని పట్టిక మీదే ఆధారపడుతుంది. అప్పుడే ఇంజన్‌కు ఇంధనం తక్కువై వేడి పెరిగే ముప్పు. అందుకే పవర్ పెంచాలనుకునేవాళ్లు ముందు కొనాల్సిన పరికరం వైడ్‌బ్యాండ్ మీటర్. పొగలోని ఆక్సిజన్‌ను కొలిచి గాలి-ఇంధనాల పాళ్లను అది అప్పటికప్పుడు చూపిస్తుంది. పాత రబ్బరు ఫ్యూయల్ పైపులు, ఓ-రింగులు, పంపు సీళ్లు ఇథనాల్‌కు ఉబ్బి పగుళ్లిచ్చే అవకాశం ఉంది. ఈ20 తట్టుకునే రకంతో వాటిని మార్చేయాలి. నెలల తరబడి తీయని కారైతే ట్యాంకులో పాత పెట్రోల్ ఉంచొద్దు.

ట్యూనింగ్ అంటే కంప్యూటర్‌లోని ఆ పట్టికను కొత్త భాగాలకు తగ్గట్టు తిరగరాయడం. ఉన్న కంప్యూటర్‌కు తోడుగా పిగ్గీబ్యాక్ అనే అదనపు పరికరం పెట్టొచ్చు, లేదా పూర్తిగా వేరే కంప్యూటరే (ఈసీయూ) వేయొచ్చు. ఏది వేసినా ట్యూనర్ చేతి నైపుణ్యమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఇగ్నిషన్ టైమింగ్ రెండు డిగ్రీలు అత్యాశకు పోయినా నాకింగ్ మొదలవుతుంది. ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు వినిపించే ఆ చప్పుడును ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదు. పిస్టన్ రింగు గోడలు విరగడానికి అది చాలు.

మూడు దారులు... ఒక్కటే ఎంచుకోండి

ఇక్కడిదాకా వచ్చాక ఇంకా కావాలనిపిస్తే మూడు దారులున్నాయి. సగం ఇది, సగం అది కుదరదు.

మొదటిది టర్బో లేకుండానే ముందుకెళ్లడం. హెడ్‌లో పోర్టులు నునుపు చేయించడం, వేరే క్యామ్, కంప్రెషన్ పెంచడం. యాక్సిలరేటర్‌కు వెంటనే స్పందించే గుణం చెక్కుచెదరదు. కానీ ఒక్కో గుర్రానికీ అయ్యే ఖర్చు ఈ దారిలోనే ఎక్కువ.

రెండోది ఇంజన్ మార్పిడి. చెన్నై పుదుపేట లాంటి సెకండ్స్ మార్కెట్లలో రకరకాల ఇంజన్లు దొరుకుతాయి. చూడటానికి తేలిగ్గా కనిపించే ఈ పనిలో వైరింగ్, మౌంట్లు, యాక్సిళ్లు, గేర్ లింకేజీ, కూలింగ్... అన్నీ కొత్తగా కుదరాలి. ఇంజన్ ధరకు రెండింతలు మిగతావాటికి అవుతుందనుకునే దిగాలి. అన్నిటికన్నా ముందు ఇంజన్ నంబరు, బిల్లు, రవాణా శాఖ అనుమతి. ఇవి లేని ఇంజన్ ఎంత చవకైనా కొనొద్దు.

మూడోది టర్బో. అర బార్ బూస్ట్ (టర్బో నెట్టే గాలి అదనపు పీడనం) అంటే లెక్క ప్రకారం సగం గాలి అదనంగా లోపలికి వెళ్తుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి ఆచరణలో లాభం అంతకంటే తక్కువ. ఆ గాలికి సరిపడా పెట్రోల్ అందుతుందా అన్నది ఎవరైనా ఇంట్లో కూర్చుని లెక్కేసుకోవచ్చు. టర్బో లేని ఇంజన్ ఒక హార్స్‌పవర్‌ని గంటసేపు ఇవ్వడానికి సుమారు 227 గ్రాముల పెట్రోల్ తాగుతుంది. 106 గుర్రాలకు గంటకు 24 కిలోలు. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే తలా ఆరు కిలోలు. ఇంజెక్టర్‌ను ఎనభై శాతానికి మించి పనిచేయించకూడదు కాబట్టి ఒక్కొక్కటీ ఏడున్నర కిలోలు పోయగలగాలి. అంటే నిమిషానికి దాదాపు 170 సీసీ. ఇప్పుడు టర్బోతో 150 గుర్రాలు కావాలనుకోండి. టర్బో ఇంజన్‌కు చల్లదనం కోసం కాస్త ఎక్కువ పోయాలి, గుర్రానికి సుమారు 270 గ్రాములు. లెక్క కడితే ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 290 సీసీ దాకా ఇవ్వాలి. ఈ20 అయితే ఇంకో ఎనిమిది శాతం. కారుతో వచ్చిన ఇంజెక్టర్లు, పంపు చాలవని కాగితమే చెప్పేసింది! ఇంటర్‌కూలర్, క్లచ్ ప్లేట్, రేడియేటర్, ఆయిల్ లైన్లు అన్నీ ఈ జాబితాలోకి వస్తాయి. సిటీ వీటెక్‌లోనిదీ సహా హోండా డి-సిరీస్ ఇంజన్లలో బూస్ట్ పెరిగేకొద్దీ ముందుగా లొంగేది కనెక్టింగ్ రాడ్లే. కాబట్టి బూస్ట్‌కు గట్టి హద్దు పెట్టుకోవాలి. లేదంటే ఇంజన్ దింపి ఫోర్జ్‌డ్ రాడ్లు, పిస్టన్లు వేయించాలి.

ఏ దారైనా అనుకున్న బడ్జెట్‌లో నాలుగో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. పాత కారు విప్పితే అనుకోనిది ఒకటి బయటపడి తీరుతుంది.

చట్టం ఏమంటోంది?

ఇది చివర్లో చూసుకునే విషయం కాదు, ప్లాన్‌లో మొదటి పేజీలో ఉండాల్సింది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అధికారి అనుమతి ముందుగా తీసుకుని, కొత్త నంబరును ఆర్‌సీలో నమోదు చేయించాలి. ఈ కార్లలో చాలావరకు పదిహేనేళ్లు దాటినవే. అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ రోజు కారు కంపెనీ రూపంలో కనిపించకపోతే చిక్కే. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్‌కు అడ్డు తగులుతుంది. కాబట్టి రోడ్డు మీద తిరిగే కారును కంపెనీ నాటి పూర్తి ఆరోగ్యానికి తెచ్చుకోవడం దగ్గర ఆపడం మేలు. పెద్ద మార్పులు ట్రాక్ కోసమే ఉంచిన కారుకు పరిమితం చేయాలి.

ట్రాక్ మనకు మరీ దూరంలో ఏమీ లేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలో రేసులు జరుగుతాయి. ఆ రెండో ట్రాక్‌కు ఎస్.కరివర్ధన్ పేరు పెట్టారు. మారుతి 800లోని 796 సీసీ సుజుకీ ఇంజన్‌తోనే ఆయన ఫార్ములా మారుతి రేసు కార్లు తయారుచేశారు. మూడు సిలిండర్ల ఆ చిన్న ఇంజనే ఎందరో భారతీయ డ్రైవర్లకు రేసింగ్ ఓనమాలు దిద్దించింది. నేర్చుకోవడానికి పెద్ద పవర్ అక్కర్లేదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

అమెరికాలో ఉన్నవాళ్లకు...

పాత సివిక్, మియాటా లాంటి జపాన్ కార్లు కొని వారాంతాల్లో గ్యారేజీలో పనిచేసుకునే తెలుగువాళ్లు అక్కడి నిబంధనలు చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకు సాధారణంగా రెండేళ్లకోసారి స్మాగ్ పరీక్ష ఉంటుంది. ఇంటేక్, హెడర్, టర్బో లాంటి భాగాలకు ఆ రాష్ట్ర గాలి కాలుష్య మండలి ఇచ్చిన ఈఓ అనే అనుమతి నంబరు ఉండాలి. అది మీ కారు మోడల్‌కు, సంవత్సరానికి వర్తించాలి. నంబరు లేని భాగం ఎంత బాగా పనిచేసినా పరీక్షలో నెగ్గదు. కొనే ముందే చూసుకుంటే రెండుసార్లు కొనే అవసరం ఉండదు.

మేస్త్రీని ఎలా ఎంచుకోవాలి?

పాత కారు భవిష్యత్తు చాలావరకు మేస్త్రీ చేతిలోనే ఉంటుంది. ‘ఏ కారైనా చేసేస్తాం’ అనేవారి కంటే, ఆ మోడల్ ఇంజన్లు పది దింపి ఎక్కించినవారు మేలు. బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగిస్తున్నారా, హెడ్ విప్పినప్పుడు బోల్టుల వరుస పాటిస్తున్నారా, విప్పిన భాగాలను పేరు రాసి విడిగా పెడుతున్నారా- ఈ మూడూ చూస్తే చాలు, పనితనం తెలిసిపోతుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో స్పేర్లు కొంటే పాత భాగాన్ని వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చండి. బెల్ట్, గ్యాస్కెట్, సీళ్ల దగ్గర లోకల్ మాల్‌తో రాజీపడొద్దు. మార్చి తీసేసిన ప్రతి ఒరిజినల్ భాగాన్నీ దాచండి. రేపు కారును పూర్వరూపానికి తేవాలన్నా, ఫిట్‌నెస్‌కు వెళ్లాలన్నా అవే ఆధారం. పైగా వాటిలో చాలావాటి తయారీ ఆగిపోయింది.

ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు. చేసిన ప్రతి మార్పుకూ తేదీ, కిలోమీటర్లు, ఖర్చు, ఫలితం రాయండి. ఎక్కడైనా తేడా వస్తే ఏది కారణమో ఆ పుస్తకమే చెబుతుంది. కారు అమ్మాల్సి వస్తే కొనేవారికి ఆ పుస్తకమే నమ్మకం.

ఈ ఇంజన్లు మళ్లీ తయారుకావు. తొందరపడి పాడుచేసిన ప్రతి వీటెక్ ఇంజన్‌తో ఈ దేశంలో ఒకటి తగ్గిపోతుంది, ఓపిగ్గా బాగుచేసిన ప్రతిదీ ఇంకో తరానికి అందుతుంది. అందుకే మొదటి ఏడాదంతా పోయిన బలాన్ని తిరిగి తెచ్చుకోవడానికే ఇవ్వండి. బెల్ట్, ట్యాపెట్లు, కూలింగ్, బ్రేకులు, టైర్లు సరిచేసిన కారుతో అరకు ఘాట్ ఒకసారి ఎక్కి దిగండి. అప్పటికీ పవర్ చాలదనిపిస్తే ముందుకెళ్లడానికి మీ దగ్గర కొలిచిన అంకెలు, రాసుకున్న లెక్కలు ఉంటాయి. చాలామందికి ఆ అవసరమే రాదు. వాళ్లు వెతుకుతున్న కారు మొదటినుంచీ వాళ్ల దగ్గరే ఉందని, దానికి ఇన్నాళ్లూ సరైన సంరక్షణ మాత్రమే కరవైందని అప్పుడు తెలుస్తుంది.